తొమ్మిదో పేరు

హుస్నాబాద్ పక్క పల్లె. భానుప్రసాద్ చనిపోయి రెండు నెలలయింది. డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే సదానందం సార్ ఒక మధ్యాహ్నం అతని తల్లి కోమలను చూడవచ్చాడు.

"చాయ తర్వాత తాగుతనమ్మా. ముందుగాల నా మాట ఇనుండ్రి."

"తాగుకుంట చెప్పుండ్రి సార్. నేను ఇనుకుంటనే ఉన్న. మా ఇంటికొచ్చి చాయ ముట్టకుంట పోయినోళ్లు లేరు. మొన్న మీ బేస్‌బాల్ పిలగాండ్లు ఎనిమిది మంది ఒక్కపారే వస్తే గిలాసలు సరిపోక చెంబుల గూడ పోసిచ్చిన."

"రేపు ఆఖరి మ్యాచ్."

"ఎరికే. కరీంనగరోళ్లతోని, పొద్దుగాల తొమ్మిది గొట్టంగ. వాళ్లకు పది పాయింట్లు, మనకు పది. మొదటి ఆటకు మనం పోలేకపోయినం, దానికి సున్న. తర్వాత ఐదు గెలిచినం, గెలుపుకు రెండు. ఆదిలాబాదోళ్లు ఎనిమిది మీద ఆగిన్రు, భైంసోళ్లు ఆరు మీద. రేపు గెలిచినోళ్లే ఫస్టు."

"గివన్ని మీకు..."

"మీ కెప్టెన్ శ్రావణ్ చెప్తడు. ఆట అయిన నాడే వచ్చి చెప్పి పోతడు. మస్కట్ నుంచి మా ఆయన శుక్రారం ఫోన్ జేస్తే ముందుగాల గదే అడుగుతడు, పిలగాండ్లు ఎన్నో నంబర్ల ఉన్నరని. నేను తిన్ననా, మా బిడ్డ సృజన సదువుతున్నదా, అవన్ని ఎనుక. పాయింట్లు తప్పు చెప్తే ఆయనే దిద్దుతడు. ఎనిమిది కాలేజీల లెక్క కాయితం మీద రాసి మంచం కాడ అతికించుకున్నడట."

"రాజలింగన్నకు గూడ గంత పట్టింపా?"

"కొడుకుతోని ఆయన మాట్లాడిందే ఆట గురించి. గల్ఫుల ఉన్నోడు ఇంకేం మాట్లాడుతడు సార్? ఏం తిన్నవు, ఏం ఆడినవు. గంతే. మీరు గిలాస పట్టుకొని అట్లనే కూసున్నరు. చల్లారుతది."

"శ్రావణ్ బయటనే ఉన్నడమ్మా. బండి కాడ."

"మరి లోపలికి రాడేంది?"

"రానన్నడు. నేను ఏం అడగనీకి వచ్చిన్నో వానికి తెలుసు. తొవ్వ పొంటి నాతోని ఒక్క మాట మాట్లాడలే. కెప్టెన్ అయినంక గిట్ల అలుగుడు మొదటిపారి."

"ఏం అడగనీకి వచ్చిన్రు సార్?"

"రేపటి ఆటకు పేర్ల కాయితం ఇయ్యాలె. తొమ్మిది పేర్లు. ఎవరి ఎనుక ఎవరు బ్యాటు పట్టాలెనో రాసి అంపైరుకు ఇస్తం."

"ఎప్పటికిచ్చేదే గదా."

"ఎప్పటికిచ్చేదే. తొమ్మిదో పేరు..."

"మా భానుది."

"అది తీసేద్దామని అనుకుంటున్న."

"చాయల చక్కెర సరిపోయిందా సార్?"

"అమ్మా."

"సరిపోయిందా అంటున్న."

"సరిపోయింది. మీరు తిట్టుండ్రి, ఒద్దనుండ్రి. గని ఏమన్న అనుండ్రి."

"నేనేమంట? మాటిచ్చింది మీరు. మా పొలం గట్టు మీద, పదకొండో దినం, అందరి ముందట. నేను ఇప్పిచ్చుకోలే."

"నాకు యాదికున్నది."

"యాదికుంటే చెప్పుండ్రి. విస్తరిల బువ్వ, కోడికూర, వానికిష్టమని సర్వపిండి. థమ్సప్ బుడ్డి మూత తీసి పెట్టిన్రు మీ పిలగాండ్లు. కాకి తుమ్మచెట్టు మీద కూసున్నది గని దిగలే. గంట సేపు నిలవడ్డం. దినాలకని వచ్చిన మా ఆయన 'నీ బండి అమ్మను బిడ్డా' అన్నడు, దిగలే. మా అత్త 'చెల్లెను నర్సు సదువు సదివిపిస్తం' అన్నది, దిగలే. పోయినోనికి ఏదో కోరిక ఉన్నది, అది తీరుస్తమంటనే పిట్ట ముడుతది అని ఊరోళ్లు ఒకటే చెప్పవట్టిరి. గప్పుడు మీరు ముందటికి వచ్చిన్రు. ఏమన్నరు?"

"ఇప్పుడెందుకమ్మా అదంత."

"ఏమన్నరు సార్? నాకు మీ నోట ఇనాల్నని ఉన్నది."

"'భానూ, నీ పేరు తీయం రా. నీ జాగల ఎవన్ని నిలవెట్టం. ఈ ఏడు మనమే ఫస్టు వస్తం' అన్న."

"అన్నంక?"

"పిట్ట దిగింది. ముట్టింది."

"మాట మొత్తం అయినంక దిగిందా, మాట నడుమలనా?"

"అయినంకనే... నడుమలనో. గంత యాదికి లేదమ్మా. పిలగాండ్లు ఏడుస్తున్నరు, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

"జర యాది చేసుకోండ్రి."

"ఎందుకు? మాట నడుమల ముట్టినా ముట్టినట్టే గదా."

"ముట్టినట్టే. ఊకెనే అడిగిన. చెప్పుండ్రి మీరు."

"రెండు మాటలిచ్చిన నేను. పేరు తీయం అన్న, ఫస్టు వస్తం అన్న. గా రెండు ఒకదానికొకటి పడవని ఆ ఎండల నాకు తోచలే. ముప్పై ఏండ్ల సంది ఆటలు నేర్పుతున్న. ఎనిమిది మందితోని ఆడి ఫస్టు రావుడేందని సోయి లేకపాయె. ముందుకు పోతే నుయ్యి, ఎనుకకు వస్తే గొయ్యి అన్నట్టున్నది నా పని."

"ఐదు ఆటలు గెలిచిన్రు గదా ఎనిమిది మందితోనే."

"ఎట్ల గెలిచినమో చెప్పాల్నా?"

"చెప్పుండ్రి. శ్రావణ్ పాయింట్లు చెప్తడు, ఆట సంగతి చెప్పడు."

"చెప్పడు. చెప్పలేడు. చూడుండ్రి, తొమ్మిది మంది ఒకలెనుక ఒకలు బ్యాటు పట్టాలె. మూడు ఔట్లయితే మన వంతు అయిపోయినట్టు. తొమ్మిదో పేరు మైకుల పిలుస్తరు, ఎవ్వరు రారు. అంపైరు జర సేపు చూసి ఔటంటడు. అంటే పిలిచినప్పుడల్ల ఒక ఔటు మనం ఉత్తగనే ఇస్తున్నం. మల్ల వాళ్లు బ్యాటు పట్టినప్పుడు మనం బాల్ ఆపాలె. కుడి దిక్కు చివరికి భాను నిలవడేటోడు. ఇప్పుడు ఆ జాగ ఖాళీ. గా దిక్కు కొడితే బాల్ గోడ దాక పోతది. తెచ్చేటోడు లేడు."

"మరి గా దిక్కు ఎవ్వరు కొట్టలే గదా."

"కొట్టలే. ఎందుకు కొట్టలేదంటరు?"

"మంచోళ్లు సార్. తల్లులున్న పిలగాండ్లు."

"మంచోళ్లే. దాంట్ల భయం గూడ ఉన్నది. భైంసా పిలగాడు ఒకడు కుడి దిక్కుకు సక్కగ తలిగే బాల్ వస్తే బ్యాటు దించేసిండు. ఏమైందిరా అని వాళ్ల సార్ అడిగితే, ఆడ ఒకడు నిలవడ్డట్టనిపిస్తున్నది సార్ అన్నడు. ఆదిలాబాద్ ఆటల ఇంకోటి. వాళ్ల బాల్ ఏసేటోడు మస్తు జోరుగాడు. మన తొమ్మిదో పేరు పిలిచిన్రు, గ్రౌండంత సప్పుడు బంద్ అయింది, ఔటన్నరు. గంతే, ఆ తర్వాత వాడు ఏసిన బాల్ ఒక్కటి సక్కగ పోతలేదు. వాళ్ల సార్ మరాఠీల ఏదో చెప్పుకుంట నీళ్లు తాపిండు. వాడు ఏడ్సుకుంట బయటకు పోయిండు. మేం గెలిచినం. తెల్లారి పేపర్ల ఏసిన్రు, ఎనిమిది మందితోని గెలిచిన జట్టు అని, నా ఫోటో గూడ. నేను ఆ పేపర్ ఇంట్ల చూపియ్యలే."

"ఎందుకు?"

"సిగ్గయింది. మేం ఆడి గెలుస్తలేం అమ్మా. సచ్చిపోయిన పిలగాన్ని ముందట నిలవెట్టి గెలుస్తున్నం."

"గట్లనకుండ్రి సార్."

"నన్ను నేను అనుకుంటున్న. మిమ్ముల గాదు. కుక్క తోక వట్టి గోదారి ఈదినట్టు ఇక్కడి దాక వచ్చినం. రేపు ఆ తోక గూడ లేదు. నిన్న కరీంనగర్ సార్ ఫోన్ జేసిండు. పరశురాములు. నేను, వాడు ఒక్క జమానల ఆడినోళ్లం. 'సదానందం, మా పిలగాండ్లను కుడి దిక్కే కొట్టమన్న. ఖాళీ జాగ ఉంటే ఆడికే కొట్టాలె. తప్పు వట్టుకోకు' అన్నడు."

"పాపం గాదా అది?"

"గాదు. ఆట గదే. వాని జాగల నేనుంటే నేను గూడ గదే చెప్తును. ముందుగాల ఫోన్ జేసి చెప్పుడే వాని మంచితనం. రేపు పొద్దుగాల సంది బాల్ అటే పోతది. పోయినప్పుడల్ల మావోళ్లు అటు జూస్తరు. ఒక్కడు ఉరుకడు. ఉరికితే భాను జాగ తొక్కినట్టయితదట, వాళ్లల్ల వాళ్లు ఒట్టు పెట్టుకున్నరు. పది సార్లు కొడితే పది సార్లు ఆ బాల్ పోయి గోడకు తలిగి ఆగుతది. ఒక్కనాడు ఎన్నిసార్లు సస్తడమ్మా వాడు?"

"మీ గిలాస ఇట్లియ్యుండ్రి సార్."

"నేను గట్టిగ అన్న. మాఫ్ జేయుండ్రి."

"సార్, నాది ఒక మాట. మా ఇంట్ల వాని పేరు ఎవ్వరు తీస్తలేరు. పేరు వెట్టి పిలిస్తే పోయినోడు ఎనుకకు మళ్లుతడని మా అత్త వద్దన్నది. నేను ఏడుస్తనని సృజన గూడ 'అన్న' అనుడు బంద్ జేసింది. రేషన్ కార్డుల పేరు తీసేసిన్రు. మీ కాలేజీల హాజరు పట్టీల గూడ తీసేసి ఉంటరు, మీరు చెప్పకున్నా నాకు ఎరికే. ఇప్పుడు వాన్ని పేరు వెట్టి పిలిచేది గా మైకొక్కటే. శ్రావణ్ ఫోన్ల రికార్డు జేసి తెస్తడు. 'నంబర్ తొమ్మిది, భానుప్రసాద్' అంటడు గా మైకుల పిలగాడు. ఉన్నోన్ని పిలిచినట్టే పిలుస్తడు. నేను పత్తి ఏరుకుంట అది ఇంటుంట. పిలిచినంక జర సేపు ఏం సప్పుడుండదు. గా నడుమ వస్తడేమో అనిపిస్తది సార్. తర్వాత అంపైరు ఔటంటడు. ఔటనకముందే ఫోన్ బంద్ జేసుడు నేర్చుకున్న."

"నాకు తెల్వదమ్మా ఈ సంగతి. శ్రావణ్ చెప్పలే."

"నేనే చెప్పద్దన్న. రేపు గా పేరు పిలువకపోతే ఇగ ఏడ పిలుస్తరు? చెప్పుండ్రి. సదువుకున్నోళ్లు గదా."

"వాడు పోయిన పొద్దు నేను గూడ పేరు వెట్టి పిలిచిన. ఫోన్ల. బస్సు ఆపిచ్చి నిలవడ్డ. అందరు వచ్చిన్రు, వాడొక్కడు రాలే. కోపమొచ్చింది నాకు. ఫస్టు మ్యాచ్‌కే ఆలస్యం చేస్తున్నడని. ఏడు సార్లు చేసిన."

"ఎనిమిది."

"మీకెట్ల..."

"ఫోన్ ఇంట్లనే ఉండె. గీ గూట్ల, ఛార్జింగుల. మోగినప్పుడల్ల 'పీడీ సార్' అని అక్షరాలు పడుతుండె. నేను చూసుకుంట రొట్టెలు చేస్తున్న. ఎత్తలే. మోటరు పెట్టి ఉరుక్కుంట వస్తడు గదా, వాడే మాట్లాడుకుంటడు, తిట్లు వాడే తింటడు అనుకున్న. నవ్వుకున్న గూడ."

"ఆ యాల్ల మోటరు కాడికి ఎందుకు పోయిండమ్మా? బస్సు ఉన్నదని తెలిసి."

"మడి ఎండుతుండె."

"గది సరే. గని పొద్దుగాల ఆరింటికి, ఆట బట్టలేసుకొని..."

"మడి ఎండుతుండె అంటున్న గదా సార్. శ్రావణ్‌ను పిలుస్త ఆగుండ్రి. శ్రావణ్. ఓ శ్రావణ్. లోపలికి రా రా. నీ బండిని ఎవ్వరు ఎత్కపోరు."

"అమ్మా, వాడొస్తే లొల్లి పెడ్తడు."

"పెట్టనీయుండ్రి. వాని మాట గూడ ఇనాలె. రా బిడ్డా, ఆ ఎండల ఏం చేస్తున్నవు? ఇట్ల నా పక్కకు కూసో."

"కూసోను చిన్నమ్మ. సార్ చెప్పిండా?"

"చెప్పిండు."

"నువ్వేమన్నవు?"

"నేనేమనలే ఇంక."

"అనకు. సార్, మీరు ముందట ఉన్నరని చెప్తున్న, ఎనుక అంటలేను. కాయితం మీద వాని పేరు లేకుంటే నేను గ్రౌండ్ల దిగ. మిగిలినోళ్లు గూడ దిగరు. అడిగొచ్చిన."

"దిగకపోతే ఏమైతది శ్రావణ్? మొదటి ఆట లెక్క సున్న. ఉత్తగ ఓడుతం."

"ఓడుతం."

"మరి ఫస్టు వస్తమన్న మాట?"

"సార్, ఆ మాట ఇచ్చింది మీరు. మేం మీ మాట నిలవెడ్తున్నం. మీరే తీసేద్దామంటరా?"

"ఇచ్చింది నేనే రా. అందుకే తీసేది గూడ నేనే కావాలె అంటున్న. పాపం నా మెడల పడనీ."

"పాపం ఎవరి మెడల పడ్తదో మీకెట్ల తెలుసు? పిట్ట ముట్టినంక మాట తప్పితే పోయినోడు ఏ దిక్కు గాకుంట తిరుగుతడట. మా తాత చెప్పిండు."

"మీ తాత బేస్‌బాల్ ఆడిండారా?"

"నవ్వులాటలు వద్దు సార్."

"శ్రావణ్, సార్‌తోని గట్ల మాట్లాడకు. నాకు చెప్పు. పోలీసు కొలువుకు పెట్టుకుంట, ఫస్టు వచ్చిన సర్టిఫికెట్ ఉంటే పనికొస్తది చిన్నమ్మ అంటివి. మీ అవ్వ గూడ నాతోని గదే చెప్పింది, బీడీలు చేసుకుంట ఎన్ని దినాలు సాదుతా అని. అదేం గావాలె?"

"పోనీ. ఇంకో ఏడు చూసుకుంట."

"ఇంకో ఏడు కాలేజీల ఉంటవా?"

"ఉండ. చిన్నమ్మ, నీకు ఎట్ల చెప్పాలె? ఆటల నేను నడిమిట్ల నిలవడ్త. కుడి దిక్కు మల్లి చూస్తే వాడు ఉంటడు. ఉన్నట్టు అంటలేను. ఉంటడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, టోపీ ఎనుకకు తిప్పుకొని. బాల్ పైకి లేస్తే 'నాదిరా నాదిరా' అని ఒర్రేటోడు గదా, గది గూడ చెవుల పడ్తది. మొదట్ల భయమైంది. ఇప్పుడు వాడు కనవడకపోతే భయమైతది. రేపు సార్ గా కొత్త పిలగాడు హనుమండ్లును తీస్కపోయి ఆడ నిలవెడితే, వాడు యాడ నిలవడ్తడు చిన్నమ్మ? చెప్పు. యాడికి పొమ్మంటరు వాన్ని?"

"బిడ్డా, నువ్వు నిద్రపోక ఎన్ని దినాలైంది?"

"పోతున్న."

"పోతలేడమ్మా. వాళ్ల అవ్వ నాకు ఫోన్ జేసింది. మంచం మీద కూసొని తెల్లారెదాక బాల్ చేతుల తిప్పుకుంట ఉంటడట. వీడొక్కడే గాదు. ఇంకో ఇద్దరు గూడ గంతే."

"సార్, గది ఇప్పుడెందుకు..."

"ఎందుకంటే నేను ఒక పిలగాన్ని పోగొట్టుకున్న రా. మిగిలిన ఎనిమిది మందిని గూడ పోగొట్టుకోలేను."

"శ్రావణ్, కూసో. కూసొమ్మంటున్న గదా. ఆ, గట్ల. నేను ఇన్ని దినాలు మీకు ఒక మాట చెప్పలే. సార్, మీకు గూడ."

"ఏంది చిన్నమ్మ?"

"పిట్ట మీ సార్ మాటకు ముట్టలే."

"ముట్టింది చిన్నమ్మ. నేను చూసిన. అందరం చూసినం."

"మీరు చూసింది రెండోసారి. సార్ ముందటికి వస్తుంటే మీరందరు సార్ దిక్కు మల్లిన్రు. నేను విస్తరి దిక్కే చూస్తున్న. సార్ నోరు తెరవకముందే దిగింది. ఒక్క మెతుకు నోట కరుసుకొని మల్ల చెట్టెక్కింది. సార్ మాట అయినంక ఇంకోసారి దిగింది. అది ఆకలికి దిగింది బిడ్డా. ఒకసారి ముట్టినంక ఇంక ఎన్నిసార్లు ముడితే ఏంది?"

"మరి మొదటిసారి ఎవరి మాటకు దిగింది? ముసలవ్వ మాటకా? గది అప్పటికే అయిపోయింది గదా."

"నా మాటకు."

"నువ్వేం అనలే. నేను నీ పక్కనే ఉన్న. నిన్ను పట్టుకొనే ఉన్న."

"బయటకు అనలే. లోపట అన్న."

"ఏమన్నవు?"

"ఆ పొద్దు మోటరు పెట్టి పొమ్మన్నది నేనే. వాడు పోనన్నడు. బస్సుకు యాల్లయితది, సార్ తిడ్తడు, మాపటికి పెడ్త అన్నడు. 'ఐదు నిమిషాల పని, నీ ఆట యాడికి పోదు' అన్న. మొకం గంటు పెట్టుకొని పోయిండు. పోతపోత నా దిక్కు చూడలే. స్టార్టర్ డబ్బాకు కరెంటు వస్తున్నదని మాకెవ్వలికి తెల్వదు, గని పంపింది నేను. సార్ ఇందాక అడిగిండు ఎందుకు పోయిండని. రెండుసార్లు తప్పించిన. మా ఆయనకు గూడ చెప్పలే. వాడే పోయిండని చెప్పిన."

"చిన్నమ్మ..."

"విస్తరి ముందట నిలవడి అడిగిన. 'బిడ్డా, నేను పంపితే పోయినవు. నా మీద కోపం లేకపోతే వచ్చి ముట్టు. ఉంటే ముట్టకు' అని. ముట్టింది. గదొక్కటే వాడు చెప్పాల్ననుకున్నది. మిమ్ముల ఫస్టు రమ్మనలే, పేరు ఉంచమనలే. మీ మెడల ఏం లేదు శ్రావణ్. ఏడ్వకు. ఏడ్వకు బిడ్డా."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే? మొదటనే చెప్తే..."

"చెప్తే మీరు రారని. పాయింట్లు చెప్పనీకి అని వస్తుంటిరి. మాట ఉన్నది గావట్టి వస్తున్నరు, మాట లేకపోతే రెండు వారాలొచ్చి బంద్ జేస్తరు అనుకున్న. పిలగాండ్లు గదా, ఎవరి బతుకు వాళ్లకుంటది. నా మతలబు నేను చూసుకున్న. మిమ్ముల గిట్ల పరేషాన్ చేస్తున్ననని నాకు తెల్వదు."

"వస్తుంటిమి చిన్నమ్మ. మాట లేకున్నా వస్తుంటిమి."

"రేపటి నుంచి చూస్త, వస్తరో లేదో. సార్, గా హనుమండ్లు అనేటోడు మంచిగ ఉరుకుతడా?"

"ఉరుకుతడమ్మా. మొదటి సంవత్సరం పిలగాడు. గని ఆ జాగల నిలవడాల్నంటే భయపడ్తున్నడు."

"శ్రావణ్, నువ్వు కెప్టెన్‌వు. నువ్వే వాన్ని చెయ్యి పట్టుకొని తీస్కపోయి నిలవెట్టాలె. ఈడ ఎవ్వరు లేరు, భయపడకు అని చెప్పాలె. చెప్తవా? నా మొకం జూసి చెప్పు."

"చెప్త."

"ఏమని?"

"ఈడ ఎవ్వరు లేరు, భయపడకు అని."

"ఆ. ఇగ పో. మొకం కడుక్కొని మిగిలినోళ్లకు ఫోన్ జెయ్యి. పిట్ట సంగతి చెప్పు అందరికి, ఎవ్వరు మనసుల పెట్టుకోకుండ. మోటరు సంగతి గూడ చెప్పు, ఫికర్ లేదు. సార్ వస్తడు ఎనుక."

"పోయొస్త చిన్నమ్మ. ఆట అయినంక రేపు వస్త. గెలిచినా ఓడినా."

"పాయింట్లు ఫోన్ల చెప్పు, మా ఆయనకు చెప్పాలె. పో."

"అమ్మా, మీకు ఎట్ల మొక్కాల్నో నాకు తెలుస్తలేదు. రెండు నెలల సంది ఆ మాట నా మెడకు బండ కట్టినట్టుండె. వాడు మొకం కడుక్కుంటున్నడు చూడుండ్రి. వాడు ఇట్ల నా దిక్కు చూడక ఎన్ని దినాలైందో."

"మంచి పిలగాడు సార్. రేపు వాన్ని తిట్టకుండ్రి."

"తిట్ట. మీరు గూడ జర తేలికైతరు ఇగ. కొడుకుకు కోపం లేదని ఆ దినమే తెలిసె మీకు. దాన్ని లోపలనే దాసుకున్నరు గని, గంత మాట తెలిసినంక నిమ్మళంగనే ఉండి ఉంటరు."

"శ్రావణ్ బండి కాడికి పోయిండా?"

"పోయిండు. ఫోన్ మాట్లాడుతున్నడు."

"మన మాట ఇనవడదు గదా?"

"ఇనవడదు. ఏందమ్మా?"

"ఇది వానికి ఎన్నడు చెప్పకుండ్రి. నేను అడిగింది నిజమే సార్. కోపం లేకపోతే ముట్టు అన్నది నిజమే. గని ఒకవేళ ముట్టకపోతే చూడలేనని కండ్లు మూసుకొని అడిగిన. తెరిచేసరికి మీ మాట గూడ అయిపోయింది, అందరు ముట్టింది ముట్టింది అంటున్నరు. ఎవరి మాటకు దిగిందో నేను చూడలే."